ఎండుచేపల ఇన్‌స్పెక్టర్

ఆ రోజుల్లో నా ఉద్యోగమల్లా హుకుంపేట సంతలో మావయ్య వెనకాల కూర్చుని ఎండుచేపల మూటలు విప్పడమే. డిగ్రీ చదివిన పిల్లనన్న గర్వం మొదటి వారంలోనే ఆ కంపుకి చచ్చిపోయింది (బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే). నాకంటే పెద్ద హోదా మా కొట్టు ముందుండే ఎర్రకుక్కది. భీమిలి నుంచి కొత్త మూట దిగితే మొదటి ముక్క దానికే. తింటే సరుకు మంచిది, వాసన చూసి వదిలేస్తే మూట వెనక్కి. మావయ్య దాన్ని 'ఇన్‌స్పెక్టర్ గారూ' అనేవాడు. నన్ను మాత్రం 'ఒసే' అనేవాడు. నాకు కుళ్లుగా ఉండేది.

ఒకసారి ముసురుకి చేపలు సరిగ్గా ఎండక, పాడవకుండా ఉప్పు దట్టించి పంపారు. మేం బేరాల్లో ఉండగా ఇన్‌స్పెక్టర్ మూటలోకే తల దూర్చి కడుపునిండా తనిఖీ చేసింది. కాసేపటికి బకెట్లో నీళ్లన్నీ తాగి, కక్కి, కాళ్లు తడబడి కూలబడింది.

"ఎవడో మందెట్టేసినాడే. బేగి ఉప్పునీళ్లు కలుపు, కక్కించీద్దాం," అన్నాడు మావయ్య. పురుగుమందు తాగినవాళ్లకి మా ఇళ్లలో తెలిసిన వైద్యం అదొక్కటే. నేను దవడలు పట్టుకున్నాను, ఆయన చెంబుడూ పోశాడు. దాని ఒళ్లంతా వణుకు పుట్టింది. అప్పుడు నాకు భయం వేసి పశువుల డాక్టరుకి ఫోన్ చేశాను.

ఆయన అంతా విన్నాడు. "ఉప్పుచేపలు తిన్న కుక్కకి ఉప్పునీళ్లు పట్టారా? అంత ఉప్పు దానికి విషమండీ. ఇంకేం పట్టకుండా పాడేరు తెచ్చేయండి," అన్నాడు.

జీపు డ్రైవరు కుక్కని టాపు మీద వెయ్యమన్నాడు. "ఇన్‌స్పెక్టర్ గారు టాపు మీద కూకోరు," అని మావయ్య దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. జీపులో జనం నవ్వారు. ఏడుస్తూనే నేనూ నవ్వాను. దారిలో దానికి ఫిట్స్ వచ్చాయి. పాడేరు చేరకముందే ప్రాణం పోయింది. మావయ్య దాని చెవి నిమురుతూనే ఉన్నాడు. "నా సేత్తోనే పోసినానే," అన్నాడు.

ఇప్పుడు కొట్టు నాది. మూట దిగితే కుక్కల్ని అదిలించి మొదటి ముక్క నేనే కొరుకుతాను. "పాసేనా, ఇన్‌స్పెక్టరమ్మా?" అంటాడు మూటలు దించే మనిషి. అప్పట్లో నేను కుళ్లుకున్న హోదా చివరికి నాకే దక్కింది. ఉప్పు మానమని మా డాక్టరమ్మ బీపీ మాత్రలిచ్చి మరీ తిడుతుంది. నవ్వుకుంటాను గానీ, ఆ ఎర్రకుక్కకీ ముందే ఇలా తిట్టేవాళ్లు ఒకరుంటే బతికేదేమో అనిపిస్తుంది.