ఆగని గంటకు నేను పెట్టిన సంతకం

ముప్పై ఏళ్లకు పైగా ఒక బరువు మోస్తున్నాను. దాన్ని దాచడానికి నేను ఎంచుకున్న చోటు తరగతి గది. పాలిటెక్నిక్‌లో పనిచేసినన్నాళ్లూ ప్రతి సంవత్సరం పిల్లలకు ఒక కథ చెప్పేవాణ్ణి. ఒక సర్క్యూట్ కంప్యూటర్‌లో చక్కగా పనిచేసింది, తీరా బొగ్గు గనికి తీసుకుపోతే పనిచేయలేదు, ఎందుకంటే కంప్యూటర్‌లో పెట్టిన ఆప్-యాంప్ అనే చిప్ మోడల్ తప్పు, కాబట్టి మోడల్‌ని గుడ్డిగా నమ్మకండి అని. పిల్లలు శ్రద్ధగా రాసుకునేవాళ్లు. ఆ కథలో అబద్ధం లేదు. ఒక మనిషిని మాత్రం అందులోంచి తీసేశాను. ఆ మనిషి నేను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల దగ్గర రెండు మూడు సార్లు మొదలుపెట్టి మధ్యలో మాట మార్చాను.

అవి ఎనభైల చివరి రోజులు. జనగామలో ఒక చిన్న వర్క్‌షాప్‌లో పనిచేసేవాణ్ణి. బోరు మోటార్లకు స్టార్టర్లు, నీటి మట్టం చూపే పెట్టెలు తయారుచేసేవాళ్లం. యజమానిని అందరం సారు అనేవాళ్లం. మాది దంతాలపల్లి దగ్గరి ఊరు. మాకు భూములున్నాయి. మా పెదనాయన సర్పంచ్. నేను డిప్లొమా ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజుల్లో నన్ను నేను తలుచుకున్నప్పుడల్లా ఇవే ముందు గుర్తొచ్చేవి.

నా తర్వాత ఏడాదికి దేవదానం చేరాడు. గూడూరు వైపు పల్లె. తల్లి నాట్లకూ కలుపుకూ కూలికి పోయేది. తండ్రి కంకర క్వారీలో రాళ్లు కొట్టి కొట్టి దగ్గు తెచ్చుకున్నాడు. దేవదానం చదివింది ఐటీఐ. నాకంటే ఏడాది చిన్నవాడు, నన్ను అన్న అనేవాడు. వచ్చిన మూడో నెలకే, నేను రెండు రోజులు తల పట్టుకుని కూర్చున్న బోర్డును అతను టీ చల్లారేలోపు బాగుచేశాడు. గర్వపడలేదు. నాకే ఇచ్చి, "వదులు టాకా అన్న, అంతే" అన్నాడు, ఊడిన సోల్డర్ అతుకు చూపిస్తూ. అతను గర్వపడి ఉంటే నాకు బాగుండేది. కోపం తెచ్చుకోవడానికి ఒక సాకు దొరికేది.

సారు నన్ను పిలవాల్సిన చోట అతన్ని పిలవడం మొదలుపెట్టాడు. నాకు నిద్ర పట్టేది కాదు. నాలో నేను ఏమనుకునేవాణ్ణో కూడా చెప్పాలి. మా కులంవాడో, మా చుట్టాలవాడో అయితే ఇంత మంట ఉండేది కాదు. మా పొలాల్లో కలుపు తీసే వాళ్లలాంటి ఇంటి నుంచి వచ్చినవాడు నా కన్నా ఎక్కువ తెలివైనవాడు కావడం నాకు మింగుడుపడలేదు. పైకి మాత్రం అతనితో ఒకే డబ్బాలో అన్నం తినేవాణ్ణి. అలా తింటున్నందుకు నన్ను నేను మెచ్చుకునేవాణ్ణి కూడా.

నాదంటూ ఒక్కటి మిగిలింది. వరంగల్లులో ఒక కాలేజీలో నాకు తెలిసిన లెక్చరర్ ఉండేవాడు. శనివారాలు అక్కడి కంప్యూటర్ మీద రెండు గంటలు కూర్చోనిచ్చేవాడు. బోర్డు తయారుచేయకముందే అది ఎలా నడుస్తుందో లెక్కగట్టి చూపే సాఫ్ట్‌వేర్ అందులో ఉండేది. మేము వాడే ఆప్-యాంప్, ఎనిమిది కాళ్ల చిన్న నల్ల చిప్, రెండు వోల్టేజీల మధ్య తేడాను ఎన్నో రెట్లు పెంచి చూపేది, ఆ సాఫ్ట్‌వేర్‌లో లేదు. దాని నడతను నేనే పది పన్నెండు వరుసల్లో రాశాను. దాన్నే మోడల్ అంటారు. జనగామలో అది రాయగలిగింది నేనొక్కణ్ణే అని నా ధీమా.

ఒకరోజు దేవదానం ఆ కాగితం చూస్తూ నవ్వాడు.

"అన్న, గీ చిప్పుకు బ్యాటరీ కాళ్లే పెట్టకపోతివి. తిండి లేకుంటనే పనిచేస్తదా ఇది?"

సారు పడీ పడీ నవ్వాడు. "మనోళ్లకు గిసొంటి కూలోడు దొరికితే ఇడుస్తరా" అన్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వుతో నా ముఖం నొప్పిపెట్టింది.

అతను అన్నది సరైనదే. నా మోడల్‌కు బ్యాటరీతో సంబంధమే లేదు. అసలు చిప్ తనకు అందే వోల్టేజీ హద్దుల్లోనే పనిచేస్తుంది. నా కాగితం మీది చిప్‌కు ఏ హద్దూ లేదు. సరిచేస్తానన్నాను. రెండు శనివారాలు కూర్చున్నాను. చేతకాలేదు. చేతకాలేదని చెబితే పోయేది. చివరికి బ్యాటరీ పేరుతో రెండు కాళ్లు చేర్చాను. వాటిని లోపల దేనికీ కలపలేదు. చూడడానికి కాళ్లున్నాయి, అంతే. "సరిచేసిన" అని చెప్పాను. అతను నమ్మాడు. అప్పటికి అది నా డాబు మాత్రమే. దాన్ని ఈ ఒప్పుకోలులో ముఖ్యమైన తప్పుగా లెక్కపెట్టడం లేదు.

ఆ ఏడాదే భూపాలపల్లి గని నుంచి పని వచ్చింది. గుంతలో నీళ్లు నిండితే గంట మోగాలి, తోడేశాక ఆగాలి. పెట్టె దేవదానం తయారుచేస్తున్నాడు. దాన్ని చూడడానికి వచ్చిన గని ఇంజనీరుకు అతని పని నచ్చింది. ఇది సరిగా పనిచేస్తే తయారుచేసినవాణ్ణి పర్మినెంటుగా తీసుకోమని పైవాళ్లకు రాస్తానన్నాడు. ఆ మాటకు దేవదానం ముందు అడిగింది జీతం గురించి కాదు. "సార్, మా నాయినను గూడ దవాఖానల చూపిస్తరా?" అని. చూపిస్తారు అన్నాడు ఇంజనీరు. నేను పక్కనే ఉన్నాను. నన్ను ఆయన ఏమీ అడగలేదు.

పెట్టె పెట్టే చోట ఒక్క బ్యాటరీ మాత్రమే ఉంటుందని తర్వాత తెలిసింది. మా బల్ల మీది సప్లయి సున్నాకు పైన ప్లస్ వోల్టేజీ, కింద మైనస్ వోల్టేజీ రెండూ ఇచ్చేది, దాని మీద పెట్టె బాగానే నడిచింది. ఒక్క బ్యాటరీతో ఎలా ఉంటుందో దేవదానం నా చేత కంప్యూటర్‌లో చూపించుకున్నాడు. గంట ఆగినట్టే వచ్చింది. నా మోడల్ అలాగే చెబుతుంది మరి.

మా వర్క్‌షాప్‌లో ఒక కట్టుబాటు ఉండేది. తయారుచేసినవాడు తన పెట్టెను తాను పరీక్షించకూడదు. తన తప్పు తన కంటికి ఆనదని సారు నమ్మకం. ఇంకొకరు పరీక్షించి, పెట్టెకు కట్టే అట్టముక్క మీద సంతకం పెట్టాలి. సంతకం పడ్డాక పెట్టెకు సీలు వేసేవాళ్లం, తయారుచేసినవాడు కూడా మళ్లీ విప్పడు. దేవదానం పెట్టెను పరీక్షించాల్సింది నేను.

బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం ఒంటరిగా కూర్చుని బ్యాటరీకి కలిపాను. గంట మోగింది. నీళ్లు తగిలితే గంట మోగించే నీటి తీగను గ్లాసులోంచి పైకి తీశాను. గంట ఆగలేదు. మళ్లీ చేశాను. ఆగలేదు. మీటరు పెట్టి చూస్తే చిప్ సున్నాకు దిగడం లేదు, రెండు వోల్టుల దగ్గర నిలిచిపోతోంది. గంటను నడిపే ట్రాన్సిస్టర్‌కు ఆ రెండు వోల్టులు చాలు. మధ్యలో, ఆ కాస్త వోల్టేజీని దాటనివ్వని ఒక చిన్న జీనర్ డయోడ్ పెట్టి చూశాను. గంట ఆగింది. అంత చిన్న విషయం. దాన్ని తీసి జేబులో వేసుకున్నాను. పెట్టెను ఉన్నదున్నట్టు బిగించాను.

ఎందుకు? అప్పుడు నాకు నేను చెప్పుకున్న జవాబు వేరు. గని దగ్గర గంట ఆగనప్పుడు, అందరూ చూస్తుండగా, నేను ముందుకు వచ్చి ఆ డయోడ్ పెట్టి బాగుచేస్తాను, పని నిలబడుతుంది, కొంచెం పేరు నాకూ వస్తుంది అనుకున్నాను. అతనికి అన్యాయం చేయడం లేదని కూడా అనుకున్నాను. ఇది నిజంగా అనుకున్నానా, లేక తర్వాత నన్ను నేను ఓదార్చుకోవడానికి కల్పించుకున్నానా? ఇన్నేళ్లకూ తేల్చుకోలేదు.

దేవదానం లోపలికి వచ్చాడు.

"అన్న, బ్యాటరీ మీద పెట్టి చూసినవా?"

"చూసిన."

"ఆగిందా?"

"ఆగింది. కంప్యూటర్ల ఎట్లొచ్చిందో గట్లనే."

"ఒకపాలి నేను గూడ చూడనా?"

"నా మీద నమ్మకం లేదా?"

నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, గదేం మాటన్న. నువ్వు చూసినవంటే ఇగ పరేషాన్ లేదు."

అట్టముక్క మీద సంతకం పెట్టాను. అతనే సీలు వేశాడు.

మరుసటి రోజు ఇద్దరం బస్సులో భూపాలపల్లి పోయాం. దారంతా అతను నాయన గురించే మాట్లాడాడు. గని దగ్గర పెట్టెకు బ్యాటరీ కలపగానే గంట మోగింది. నీటి తీగ గాలిలో ఉన్నా మోగుతూనే ఉంది. దేవదానం బయటి తీగలన్నీ సరిచూశాడు, నేను సంతకం పెట్టిన పెట్టెను మాత్రం విప్పలేదు. చుట్టూ కార్మికులు మూగారు. "పెండ్లా ఏందే?" అన్నాడొకడు. ఇంజనీరు కోస్తా మనిషి. "మోగించడం నేర్పావు గానీ ఆపడం నేర్పలేదేమయ్యా?" అన్నాడు. కోపంగా అనలేదు. అంటూనే దేవదానం భుజం మీద చేయి వేశాడు. "కంగారుపడకు, నిదానంగా చూడు."

జేబులో డయోడ్ ఉంది. నా వేళ్లు దాని మీదే ఉన్నాయి. ఆ చేయి అతని భుజం మీద పడకపోయి ఉంటే తీసి ఇచ్చేవాణ్ణేమో. పనిచేయకపోయినా అతన్నే ఆదరిస్తున్నారు. ఓడిపోతున్నప్పుడు కూడా అతనిదే పైచేయి అనిపించింది. చేయి జేబులోంచి తీశాను, ఖాళీగా. గంట మోగుతూనే ఉంది. రెండు గంటలు చూసి ఇంజనీరు తనే బ్యాటరీ తీగ పీకాడు. ఆ వారంలోనే పని ఇంకొకరికి వెళ్లింది. పర్మినెంటు మాట మళ్లీ రాలేదు.

జనగామలో సారు అడిగితే నేనే ముందు మాట్లాడాను. "మోడల్ తప్పు సార్. సాఫ్ట్‌వేర్ల మన చిప్ లేదు, నేను రాసింది సరిపోలే." ఒక చిన్న తప్పును ఒప్పుకుని పెద్ద తప్పును దాని కింద దాచాను. దేవదానం తల వంచుకుని విన్నాడు. "అన్న తప్పేం లేదు సార్. దారిల బ్యాటరీ దిగినట్టుంది" అన్నాడు.

మూడు రోజుల తర్వాత అతను ఆ పెట్టెను బల్ల మీద బ్యాటరీకి కలుపుకుని కూర్చోవడం చూశాను. మీటరు ముల్లు రెండు దగ్గర నిలిచింది. చాలాసేపు దాన్నే చూశాడు. అంత తెలివైనవాడికి, నేను పరీక్షించిన రోజు గంట ఆగి ఉండదని అర్థం కావడానికి ఎంతసేపు పడుతుంది? తల ఎత్తి నావైపు చూశాడు. నేను స్క్రూలు వెతుకుతున్నట్టు వంగాను. ఆ రోజు నుంచి నన్ను అన్న అనలేదు. సార్ అన్నాడు. నేను ఎందుకని అడగలేదు. రెండు నెలలకు మానేసి తొర్రూరులో రేడియోలు, మోటార్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. ఇంకో ఏడాదికి అతని నాయన దగ్గుతోనే పోయాడని తెలిసింది. గని దవాఖానలో చూపిస్తే బతికేవాడా? తెలియదు. తెలియకపోవడం నాకు అనుకూలంగా ఉందని మాత్రం తెలుసు. చావుకు నేను పోలేదు.

పాలిటెక్నిక్ నుంచి రిటైరయ్యాక ఒకసారి తొర్రూరులో బస్సు దిగి అతని దుకాణం దాకా వెళ్లాను. ఒక ఫ్యాన్ విప్పుతూ కనిపించాడు. జుట్టు నెరిసింది. "రాండ్రి సార్, కూసోండ్రి" అన్నాడు. టీ తెప్పించాడు. అతని పిల్లల గురించి అడిగాను, నా పెన్షన్ గురించి చెప్పాను. చెప్పాల్సింది మొదలుపెట్టబోయాను. అప్పుడే ఎవరో మోటారు తెచ్చారు, అతను లేచాడు. నేను కూడా లేచాను. మోటారు రాకపోయినా లేచేవాణ్ణేనని నాకు తెలుసు.

అతను క్షమిస్తాడని ఇది రాయడం లేదు. అడిగే హక్కు ఎప్పుడో పోయింది. నేను తెచ్చిన మాట వినవలసిన పని కూడా అతనికి లేదు. పిల్లలకు చెప్పిన కథలోంచి తీసేసిన మనిషిని తిరిగి అందులో పెడుతున్నాను, అంతే. మోడల్ తప్పే. కానీ పరీక్షించినవాడికి తెలుసు. గంట ఆగలేదు, నేను చూశాను, ఆగిందన్నాను. అతనంటే నాకు ఓర్వలేనితనం. ఈ నాలుగు మాటలు ఇంతవరకు ఏ కాగితం మీదా రాయలేదు. ఇప్పుడు రాశాను.