నిమ్మకాయ దొర్లించే ఆవిడ

ఉప్పాడలో కంప్యూటర్ మీద చీరల డిజైన్లు గీసే ఆవిడ బొటనవేలు క్షణం ఊరుకునేది కాదు. మణికట్టు నొప్పని, బొటనవేలితో బంతి తిప్పే మౌస్ వాడేవారు; లోపలి ప్రోగ్రామ్ ఎవరైనా మార్చుకోగల ఓపెన్ సోర్స్ రకం. అది చేతిలో లేకపోతే నిమ్మకాయ దొర్లించేవారు. మీటల పని మార్చాలంటే ప్రతిసారీ మెకానిక్‌గా నేను పిఠాపురం నుంచి వెళ్ళి మౌస్ విప్పాలి. ఆ తిప్పలు తప్పిద్దామని ఒకరోజు, మార్పులు ఎక్కించుకునే బూట్‌లోడర్ అనే ప్రోగ్రామ్‌నే మార్చడం మొదలుపెట్టాను. మధ్యలో కరెంటు పోతే మౌస్ ఇక లేవదు.

“ఎవరూ మిక్సీ వెయ్యకండి!” అని ఆవిడ వంటింట్లోకి కేకేసి, నా వెనకే నిలబడి నిమ్మకాయ దొర్లిస్తున్నారు. “అయిపోయిందాండీ?”

“అయిందండి. ఇక విప్పక్కర్లేదు, మీరే మార్చుకోవచ్చు.”

“అయితే మీరింక రారాండీ?”

ఆ బొటనవేలు ఆగడం నేను చూసింది అప్పుడే.