జెక్రీత్ పొగమంచులో ఎవరో ఆపారు

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే లేచి వెళ్ళి గిన్నెలు తోముకునే రకం నేను. దోహాలో ఒక క్లినిక్ ల్యాబ్‌లో పనిచేస్తాను. రోజంతా రక్త పరీక్షలు. కంటికి కనిపించనిది ఏదైనా ఉంటే మైక్రోస్కోప్ కింద పెట్టి చూడటమే నా డ్యూటీ. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. జరిగింది మాత్రం జరిగినట్టు చెప్తాను.

మేము అల్ హిలాల్‌లో ఉంటాం. మాది జగిత్యాల దగ్గర పల్లె. మా పై అంతస్తులో ఉండే షాహీన్‌ది బోధన్. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడుతుంది, నాతో తెలుగు. మా ఆయన స్నేహితుడు సతీష్‌ది అమలాపురం వైపు. రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో షిఫ్ట్ డ్యూటీ చేస్తాడు. నాకూ షాహీన్‌కూ సైకిల్ పిచ్చి ఎక్కించింది అతనే.

గ్రావెల్ సైకిల్ అంటారు దాన్ని. చూడటానికి రేసు సైకిల్‌లా ఉంటుంది కానీ టైర్లు లావు. కంకర మీద, గట్టి ఇసుక మీద జోరుగా పోతుంది. సతీష్ ఫోన్‌లో ఎప్పుడూ ఆల్ప్స్ వీడియోలే. కార్లు రాని సన్నని కంకర దారులు, అటూ ఇటూ ద్రాక్షతోటలు, కింద సరస్సు, వెనక మంచుకొండలు. ఎప్పటికైనా ముగ్గురం అక్కడ తొక్కాలని మా కోరిక.

అప్పటిదాకా మా ఆల్ప్స్ జెక్రీత్. దోహా నుంచి పడమటికి పోతే వచ్చే ఎడారి తీరం. గాలికి అరిగిపోయిన సున్నపురాతి గుట్టలు, కింద లోతులేని సముద్రం. శుక్రవారం పొద్దున ఒక్క కారు కూడా కనిపించదు. సరస్సు బదులు సముద్రం, మంచుకొండల బదులు తెల్ల గుట్టలు. ద్రాక్షతోట కోసం షాహీన్ జేబు నిండా కిస్‌మిస్ తెచ్చేది. ఆగినప్పుడల్లా తలా పిడికెడు పంచి, "తినుర్రి, తోట కాడికి వచ్చినం" అనేది.

ఆ శుక్రవారం చలికాలం మధ్యలో. మా ఆయన ఎప్పటిలాగే సైకిళ్ళు బండిలో వేసుకుని మమ్మల్ని దింపాడు. ఆయన తొక్కడు. ఫ్లాస్కులో చాయ్ పెట్టుకుని, సీటు వెనక్కి వాల్చుకుని పడుకుంటాడు. మేము బయల్దేరినప్పుడు ఎండ బాగానే ఉంది.

బల్లపరుపుగా ఉండే ఒక పెద్ద గుట్ట మీదికి జీపులు పోయిన పాత దారి ఉంది. దాని మీదుగా ఎక్కాం. పైన చదునుగా, మైదానంలా ఉంటుంది. ఒక చెట్టు లేదు, ఒక పొద లేదు. అక్కడికి చేరేసరికి సముద్రం వైపు నుంచి పొగమంచు వచ్చింది. ఈ దేశంలో చలికాలం పొద్దున పూట పొగమంచు మామూలే, కానీ అంత తొందరగా కమ్ముకోవడం నేనెప్పుడూ చూడలేదు. నా చక్రం నాకే సరిగా కనిపించలేదు.

దిగే దారి కుడి వైపున ఉందని సతీష్ చెప్పాడు. ఇంతకు ముందు చాలాసార్లు దిగిన దారే. అతను ముందు, వెనక షాహీన్, చివర నేను. భయమేమీ లేదు. పైగా మాకు సరదాగా ఉంది. మబ్బులో తొక్కుతున్నట్టుంది. నేల కొంచెం వాలుగా ఉండటంతో సైకిళ్ళు వాటంతట అవే వేగం అందుకున్నాయి. షాహీన్ ఏదో కూనిరాగం తీస్తోంది. సతీష్ ఏదో జోకు వేస్తే పడీ పడీ నవ్వుతున్నాం.

అప్పుడు వినిపించింది. ముసలమ్మ గొంతు, నా ఎడమ చెవి పక్కనే, అరుపు కాదు, పొయ్యి దగ్గర కూర్చుని పిల్లలకు చెప్పినట్టు.

"ఆగు బిడ్డా. ముంగటికి పోకు."

బ్రేకు పట్టేశాను. ముందున్న ఇద్దరూ ఆగిపోయి ఉన్నారు. ముగ్గురం కాళ్ళు నేలకు ఆనించి నిలబడ్డాం. మనవాళ్ళెవరైనా ఒంటెలు కాసుకుంటూ ఉన్నారేమో అనుకుని పిలిచాం. జవాబు లేదు. సతీష్ సైకిల్ పడుకోబెట్టి, నెమ్మదిగా కాలితో తడుముకుంటూ ముందుకు నడిచాడు. అతని బూటు తగిలి ఒక రాయి దొర్లింది. దొర్లిన చప్పుడు ఆగిపోయింది. ఒక క్షణం తర్వాత ఎక్కడో కింద టప్‌మని పడింది.

అతను అలాగే వెనక్కి నడిచి వచ్చి కూర్చున్నాడు. మేమూ కూర్చున్నాం. కిస్‌మిస్ ఎవరికీ గుర్తు రాలేదు.

ఎండ పొడిచాక మంచు విడిపోయింది. మేము తప్పు వైపుకు వచ్చాం. మా ముందు గుట్ట నిలువునా తెగిపోయి ఉంది. కింద రాళ్ళు, రెండంతస్తుల మేడ అంత లోతు. వెనక్కి తిరిగి చూశాం. కనుచూపు మేర చదును నేల. మనిషి దాక్కోవడానికి చోటే లేదు.

బండి దగ్గరికి వచ్చాక మా ఆయన చాయ్ పోసి ఇచ్చాడు. జరిగింది చెప్తూ, ఎవరో ముసలమ్మ ఆపిందన్నాను.

షాహీన్ కప్పు దించింది. "ముసలామె కాదక్కా, ముసలాయన. మా నానా లెక్క మాట్లాడిండు. 'ఠైర్ జా బేటీ, ఆగే నక్కో జా' అన్నడు."

నేను విన్న మాటే, కానీ తాత గొంతుతో, ఉర్దూలోనా అని అడిగాను. ఉర్దూలోనే, అదీ అచ్చం వాళ్ళ ఇంటి దక్కనీలో అంది.

సతీష్ మా ఇద్దరి ముఖాలూ చూశాడు. ఇద్దరం కలిసి ఆట పట్టిస్తున్నాం అనుకున్నాడు. "నాకు మగగొంతేనండి. కానీ మా కోనసీమ గొంతు. 'ఒరే అబ్బాయ్, ఆగక్కడ' అన్నాడు. మా బాబాయ్ గట్టు మీద నుంచి కేకేసినట్టే ఉంది."

దోహా చేరేదాకా వాదించుకున్నాం. ఎవరూ తగ్గలేదు. మా ఆయన బండి నడుపుతూ ఒకటే నవ్వు. సతీష్ బ్రేకు వేస్తే మీరిద్దరూ వేశారు, మిగతాది మీ బుర్రలు కల్పించుకున్నాయి అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ మాటే నచ్చింది.

సతీష్ సైకిల్ హ్యాండిల్‌కు చిన్న కెమెరా ఉంటుంది. మధ్యాహ్నం మా ఇంట్లో బిర్యానీ తింటూ ఆ వీడియో టీవీలో పెట్టాం. తెల్లటి మంచు, కంకర మీద టైర్ల చప్పుడు, షాహీన్ కూనిరాగం, మా నవ్వులు. ఆ తర్వాత బ్రేకులు. ఒకదాని వెనక ఒకటి కాదు, మూడూ ఒకేసారి కీచుమన్నాయి. దానికి ముందు ఏ గొంతూ లేదు. వెనక్కి జరిపి, సౌండు పెంచి మళ్ళీ మళ్ళీ విన్నాం. లేదు.

బ్రేకుల తర్వాత మాత్రం మా గొంతులున్నాయి. "ఆయ్, ఆగానండి" అని సతీష్. "జీ" అని షాహీన్. "ఆఁ, అవ్వా" అని నేను.

అలా జవాబిచ్చినట్టు మాలో ఎవరికీ గుర్తు లేదు. మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నవ్వలేదు. ముద్ద కంచంలో పెట్టేసి, "వచ్చే వారం నేనూ పైకొస్త" అన్నాడు.

అన్నట్టే వచ్చాడు, నడుచుకుంటూ, రొప్పుకుంటూ. అంచు దాకా పోయి చూసి వెనక్కి వచ్చాడు. కింద రోడ్డు దగ్గర ఒంటెల దొడ్డి ఒకటుంది. కాపలా ఉండేది ఒక సూడాన్ పెద్దాయన. ఇక్కడ హిందీవాళ్ళు, అంటే మన ఇండియావాళ్ళు, ముసలివాళ్ళు ఎవరైనా ఉంటారా అని మా ఆయన తన అరకొర అరబీలో అడిగాడు. ఆయన "మాఫీ, మాఫీ", ఎవరూ లేరని తల అడ్డంగా ఊపి, మమ్మల్ని కూర్చోబెట్టి ఒంటెపాలతో చాయ్ ఇచ్చాడు. పొగమంచు పడితే తను దొడ్డి దాటి అడుగు బయట పెట్టనని, మీకేం పనని మమ్మల్నే మందలించాడు. ఇంటికి ఫోన్ చేసి ఇదంతా చెప్తే, గల్ఫ్ అంతా దుబాయే అనుకునే మా ఆడబిడ్డ, "దుబాయ్‌ల సైకిల్ తొక్కుడేంది వదినా" అంది తప్ప గొంతు సంగతి పట్టించుకోలేదు.

మేము మానలేదు. ఇప్పటికీ ప్రతి శుక్రవారం తొక్కుతున్నాం. మా ఆయన కూడా ఒక సైకిల్ కొన్నాడు, ఎక్కువ దూరం తోసుకుంటూ నడుస్తాడు. పొగమంచు ఉంటే మాత్రం గుట్ట ఎక్కం. ఆ గొంతు మగదా ఆడదా అన్న గొడవ మా మధ్య ఇంకా నడుస్తూనే ఉంది. షాహీన్ తన మాట మీద, నేను నా మాట మీద.

మా క్లినిక్‌లో ఒక డాక్టరు గారిని అడిగాను. ప్రాణభయంలో మనసుకు తెలిసిన గొంతులు వినిపించడం ఉంటుందని ఆయన ఓపిగ్గా చెప్పారు. బాగానే ఉంది. కానీ మాకు అప్పుడు ప్రాణభయం లేదు. ముందు లోయ ఉందని ముగ్గురిలో ఎవరికీ తెలియదు. మేము నవ్వుతున్నాం.

ఆ ముసలమ్మ ఎవరో నేను గుర్తుపట్టలేకపోయాను. మా అమ్మమ్మ గొంతు కాదు, నానమ్మది కాదు, నాకు తెలిసిన ఎవరిదీ కాదు. వీడియోలో "ఆఁ, అవ్వా" అన్నది మాత్రం నేనే. ఎంతో తెలిసినవాళ్ళతో మాట్లాడినట్టుంది.