చెయ్యి తడుపుకోన్రి సార్

కాగజ్‌నగర్‌లో నేను పాఠాలు చెప్పిన కాలేజీలో ఒక ల్యాబ్ అటెండర్ ఉండేవాడు. విద్యార్థులు కోసి నేర్చుకునేందుకు ఏళ్ల తరబడి కప్పలను పట్టి తెచ్చింది ఆయనే. ఆ కోతలు ఆగిపోయాక, మిగిలిన రెండు కప్పల కోసం పాత చేపలతొట్టి కడిగాడు. అడుగున గులకరాళ్లు, పైన బొగ్గుముక్కలు, మట్టి పరిచాడు. వాగు ఒడ్డు నుంచి నాచూ మొక్కలూ తెచ్చి నాటాడు. నెలకల్లా అందులో చిన్న అడవి లేచింది.

ఒకరోజు కప్పను ముట్టుకోబోతే నా చెయ్యి పట్టి ఆపాడు.

"జర ఆగున్రి సార్, చెయ్యి తడుపుకోన్రి. పొడిచెయ్యి తాకితె దాని తోలు మండుతది."

"కోతకు తెచ్చినప్పుడు సుత తడుపుకుంటుంటివా కాకా?" అనేసి నాలుక కరుచుకున్నాను.

ఆయన నా చేతిమీద నీళ్లు పోశాడు.

"తడుపుకుంటుంటి సార్. నా చేతుల గదొక్కటే ఉండె."