పైపు మీద క్యారేజీ

"...మన యూనియన్ చందాతో కుర్రాళ్లకి ఆవిరి లీకులు ఆపడం నేర్పించి, మన బాయిలరే ఆర్పించుకుంటున్నాం కదండీ!" అంటున్నాడు తోటి కార్మికుడు యుగంధర్.

"ఆవిరి అలా పోతా ఉంటే ఊక ఖర్చుకే మిల్లు మూతపడేదయ్యా," అన్నాడు యూనియన్ ప్రెసిడెంట్ భీమరాజు. రెండో బాయిలర్లో ఊక పోసీ పోసీ అతని కనుబొమలు ఎప్పుడో మాడిపోయాయి. ఉత్త చెయ్యి కూడా పార పట్టినట్టే ముడుచుకుని ఉంటుంది. రోజూ ఆవిరి కారే పైపు మీదే క్యారేజీ వేడిచేసుకునేవాడు. ఇవాళా అలవాటుగా అక్కడే పెట్టాడు. వేడి బయటికి పోకుండా కుర్రాళ్లు పైపుకి దళసరిగా చుట్టిన పట్టీ మీద అన్నం వేడెక్కలేదు. ఆ చల్లటి అన్నమే కలుపుకుని మెతుకు మిగల్చకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కుని, "ఇక ఒక్క బాయిలర్ చాలంట. రెండోది రేపు ఆపేస్తారు. పని పోయి ఇంటికెళ్లేవాళ్లలో ముందు నా పేరే ఆఫీసులో చెప్పొచ్చాను," అన్నాడు.