వెనక్కి చూసే హంస

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. రెండు మాటలు. అవి అన్న రోజు నుంచి నా దుకాణంలో నేనే బందీని.

కోరుట్లలో వెండిపని చేస్తాను. రజిత అనే ఆమె ఒక పాత వెండి పళ్లెం మెరుగు పెట్టమని తెచ్చింది. అంచు చుట్టూ తెగకుండా సాగే ఆకుల తీగ, నడుమ మెడ తిప్పి వెనక్కి చూస్తున్న హంస. ఒక్కో ఈకను విడివిడిగా చెక్కారు. అలాంటి పనితనం నా చేతికి ఏనాడూ రాలేదు. చూడగానే అది నాకు కావాలనిపించింది. అమ్ముకోవడానికి కాదు. మరెందుకు? ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

ఆమె భర్త దుబాయిలో ఉన్నాడు. రెండు నెలలుగా ఫోన్ లేదట.

"అన్నా, గీ హంస ఎన్కకు సూస్తున్నదేంది?" అని అడిగింది.

నాకు తెలుసు. మా తాత చెప్పాడు. తీగ అంటే వంశం. వెనక్కి చూసే హంస అంటే, ఎంత దూరం పోయినవాళ్లయినా ఇల్లు మరవకుండా తిరిగి రావాలని. పెళ్లయిన కూతురిని పంపేటప్పుడు అలాంటి పళ్లెం పెట్టేవారు.

"గది మంచిది కాదు చెల్లె," అన్నాను. "ఇంట్ల ఉంటే పోయినోళ్లు మళ్ల రారు."

ఆమె ముఖం పాలిపోయింది. "మా అత్త పెండ్లప్పుడు తల్లిగారింట్లకెల్లి తెచ్చుకున్నదే."

"నాకిచ్చిపో, కరిగిస్త. గంతే బరువుది కొత్తది తీస్కపో."

ఇచ్చింది. మూడు నెలలకు భర్త తిరిగొచ్చాడు. నా మాటే నిజమైందని నమ్మి, కొండగట్టు ప్రసాదం తెచ్చి నా చేతిలో పెట్టింది. కీడు మోసుకొచ్చిన మనిషని అత్తతో మాట్లాడటం మానేసింది. చివరికి ఆ ముసలామెను చందుర్తిలో కూతురి దగ్గరికి పంపేశారు.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఎందుకు చెప్పలేదు? చెబితే పళ్లెం బయట పెట్టాలి. అది ఇప్పటికీ మా బీరువాలో పాత బట్టల కింద ఉంది. ఎవరికీ చూపలేను, కరిగిద్దామంటే చేతులు రావు, నా భార్య ఆ అర తెరిచినప్పుడల్లా ఏదో పని చెప్పి పక్కకు పిలుస్తాను. కళ్లారా చూసుకోవాలని దక్కించుకున్నదాన్ని నేను చూసి ఏళ్లయింది.

ఒకసారి ఆ ముసలామె బస్సెక్కి వచ్చింది. పళ్లెం కరిగించావా అని మాత్రం అడిగింది. కరిగించానన్నాను. కాసేపు మెట్టు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది.

పోయిన నెల ఆమె చనిపోయింది. రజితే వచ్చి చెప్పింది. ఎప్పటిలాగే అన్నా అని పిలిచింది. ఆమెకు చెప్పే ధైర్యం నాకు ఈ రోజుకీ లేదు.

ఆ అత్త ఆ ఇంటికి తెచ్చింది కీడు కాదు. బతికుండగా ఆమెకు చెప్పాల్సిన మాట ఇది. మీకు చెబుతున్నాను. దీనితో ఏదీ చక్కబడదు. అయినా ఇన్నేళ్లకు నాలోంచి బయటికి వచ్చింది.