సగం దగ్గర ఆగిన ముల్లు

పాత విమానాల మీటర్లు బాగుచేస్తానని నలుగురికీ తెలిసినప్పటినుంచి నా గదికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది వెధవలు. ఈ మాట అనడానికి నాకేమీ మొహమాటం లేదు. ఒకాయన కేఫ్ పెడుతూ, ఎత్తు చూపించే మీటరు తెచ్చి గోడ గడియారం చేసి పెట్టమన్నాడు. ఇంకొకడు ఇరవై ఎనిమిది వోల్టుల సరుకుని ఇంట్లో ప్లగ్గుకి తగిలించి, పొగ వచ్చాక పట్టుకొచ్చి, "జర చూడన్నా, ఉన్నట్టుండి బంద్ అయింది" అన్నాడు. ఉన్నట్టుండి ఎందుకవుతుంది? వాడు చేసిన పనికి అయింది.

మా ఇల్లు చిక్కడపల్లి. ఉద్యోగమంతా విమానాల వర్క్‌షాపులో మీటర్ల బల్ల దగ్గరే గడిచింది. రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక అశోక్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల సందులో, జిరాక్సు షాపు పైన ఒక గది కిరాయికి తీసుకున్నాను. కింద పిల్లలు రాజ్యాంగం బట్టీపడుతుంటారు, పైన నేను తీగలు గోకుతుంటాను. ఎవరి గోల వాళ్లది.

ఇలా ఉండగా నారాయణగూడలో ఉండే ఒక రియల్ ఎస్టేటు ఆయనకి విమానం పిచ్చి పట్టింది. నాకంటే వయసులో పెద్దదైన రెండు సీట్ల విమానం ఒకటి ఎక్కడో కొని, ఊరి బయట చిన్న రన్‌వే పక్కన షెడ్డులో పెట్టించాడు. కొత్త వెంచర్ ఓపెనింగు రోజున అందులోంచి ప్లాట్ల మీద పూలవాన కురిపించాలట. కార్లో వెళ్లి చల్లితే పూలు రాలవు కాబోలు.

అది నడపడానికి ఒక అమ్మాయిని పెట్టుకున్నాడు. వాళ్ల అమ్మానాన్నలు పాలమూరు నుంచి కట్టడం పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పిల్ల స్కాలర్‌షిప్పు మీద పైలట్ లైసెన్సు తెచ్చుకుంది. ఏ విమాన కంపెనీ పిలవలేదు. ఏడాదిలో ఇన్ని గంటలు ఎగరకపోతే ఆ లైసెన్సు ఉండీ లేనట్టే. ఆమెకి దొరికిన విమానం అదొక్కటే.

ఒక సాయంత్రం ఆ అమ్మాయి, ఓనరు గారి బావమరిది కలిసి మెట్లెక్కి వచ్చారు. బావమరిది చేతిలో పెట్రోలు మీటరు ఉంది. వీడియోలు చూసి ఇంజనీరైన మనిషి. మీటరు అద్దం మీద పసుపు, కుంకుమ బొట్లు.

"మీటరు బానే ఉందండీ మాస్టారూ. ఈ అమ్మాయే ఊరికే భయపడతంది" అన్నాడు.

"ట్యాంకుల పుల్ల పెట్టి చూసిన సార్. తడి గూడ తగల్లే. ముల్లేమో సగం కాడ నిలవడ్డది. పైకి పోయినంక నేనేం జూసి నమ్మాలె?" అంది ఆ అమ్మాయి.

బల్ల మీద పెట్టి చూశాను. మీటరుకి ఏ రోగమూ లేదు. ఎంత ఇస్తే అంత చూపిస్తోంది. రోగం దానికి వచ్చే దారిలో ఉంది. ట్యాంకులో తేలే బుడ్డి, దాని చెయ్యి, అక్కడినుంచి మీటరుదాకా వచ్చే తీగలు, కనెక్టర్లు అన్నీ ముక్క కొయ్యకుండా విప్పి తెమ్మన్నాను.

"తీగలన్నీ నేను చెక్ చేశానండీ. బీప్ వచ్చింది" అన్నాడు బావమరిది.

ఈ బీప్ సంతతిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రెండు కొసలకి మల్టీమీటరు ఆనిస్తారు, అది బీప్‌మంటే తీగ మంచిదైపోయింది, చేతులు దులుపుకుంటారు. దారిలో ముప్పై నలభై ఓముల అడ్డు ఉన్నా ఆ పెట్టె కూస్తూనే ఉంటుంది. ఆ నలభై ఓములే ఈ మీటరుకి సగం ట్యాంకు. ఇది చెబితే ఆయన నా వైపు జాలిగా చూశాడు. ముసలాడికి చాదస్తమనుకుని ఉంటాడు.

రెండు రోజులకి అన్నీ బియ్యం సంచిలో కుక్కుకుని తెచ్చాడు. వెంట ఆ అమ్మాయీ వచ్చింది. బల్ల మీద పరిచి విమానంలో ఉన్నట్టే కలిపాను. బుడ్డిని కిందికి వదిలితే ట్యాంకు ఖాళీ అన్నమాట. ముల్లు సున్నాకి రావాలి. సగం దగ్గరే కూర్చుంది. కరెంటు పారుతుండగానే ఒక్కో అతుకు దగ్గరా వోల్టేజి కొలుచుకుంటూ వచ్చాను. ఎర్త్ తీగ కనెక్టరు దగ్గర దొంగ దొరికాడు. విప్పితే లోపల పచ్చగా చిలుము, దాని మీద ఎండిన పసుపు ముద్ద.

"ఇదేమిటి?" అని అడిగాను.

"ప్రతి శుక్రవారం పూజండీ. కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు రెక్కల మొదట్లో పోస్తాం. మా బావగారి అమ్మగారి పట్టుదల" అన్నాడు, ఏదో ఘనకార్యం చెబుతున్నట్టు.

లారీకి కొడతారు, స్కూటరుకి కొడతారు, వాటి చక్రాలు సహించాయి. విమానం కనెక్టరులో లవణాలున్న కొబ్బరినీళ్లు వారం వారం పోస్తే ఏమవుతుంది? ఎర్త్ దారి పూడుకుపోతుంది. అది పూడుకునే కొద్దీ ఈ రకం మీటరులో ముల్లు పైకి ఎక్కుతుంది. ట్యాంకు ఎండిపోయినా సగం ఉందని ధైర్యం చెబుతుంది.

చిలుము గోకి, కొత్త కనెక్టరు వేసి, ఎర్త్ స్క్రూ బిగించాను. బుడ్డి వదిలితే ముల్లు బుద్ధిగా సున్నాకి దిగింది. ఆ అమ్మాయి మొహం విప్పారింది. బావమరిది మొహం మాడింది.

ఎందుకో మర్నాడు తెలిసింది. ఓనరు గారే స్వయంగా తెల్లబట్టల్లో దిగారు.

"సున్నా మీద ఉందేంటండీ మాస్టారూ?"

"ట్యాంకు ఖాళీగా ఉంటే సున్నానే చూపించాలి."

"పూజ మొదలెట్టినకాణ్ణుంచీ సగానికి తగ్గలేదండీ. మా అమ్మగారు ఎంత సంతోషించారో. ఓపెనింగు రోజు పెద్దపెద్దవాళ్లు అందులో కూర్చుని ఫొటోలు దిగుతారు. ముల్లు సున్నా మీద ఉంటే ఏం శుభమండీ? ఎప్పట్లా పెట్టేయండి."

నా సర్వీసులో ఎందరో మూర్ఖుల్ని చూశాను. చెడిపోయిన మీటరుని బాగుచేయమన్నవాళ్లే గానీ, బాగైనదాన్ని చెడగొట్టమన్నవాణ్ణి చూడలేదు. "అది అమ్మవారి కటాక్షం కాదు, కొబ్బరినీళ్ల చిలుము. పైన పెట్రోలు అయిపోతే ఆ పిల్ల చచ్చిపోతుంది" అన్నాను. నా ముందు అమ్మవారిని అంటారా అని ఆయనకి కోపం వచ్చింది. చచ్చిపోవడం గురించి అన్న మాట చెవిన పడనే లేదు. సామానంతా సంచిలో వేయించుకుని దిగిపోయాడు.

ఓపెనింగు రోజు పొద్దున్నే ఆ అమ్మాయి ఫోన్ చేసింది. వెనక మైకులో పాటలు మోగుతున్నాయి.

"సార్, ముల్లు మళ్ల సగం కాడికొచ్చింది. పుల్లకి వేలెడు తడి లేదు. పెట్రోలు తెప్పియ్యుండ్రి అంటే, సగముంది గదా, రెండు చుట్లకి సాలంటుండ్రు."

ఎర్త్ స్క్రూ వదులు చేశారు. అంతకంటే ఏముంది? వీడియోల ఇంజనీరుకి ఆ మాత్రం తెలివి ఉంది.

"దిగిపో అమ్మా. ఎక్కకు" అన్నాను.

"ఎక్కకపోతే నా గంటలు పోతయి సార్" అంది.

"ఎక్కితే నువ్వే పోతావు."

దిగిపోయింది. పూలు చివరికి జేసీబీ తొట్టిలోంచి చల్లారట. వారం తిరక్కుండానే నారాయణగూడ చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. ఓనరు గారు విమానంలో కూర్చుని చెయ్యి ఊపుతున్నాడు. ఆ ఫొటో చూసి నడిరోడ్డు మీదే తిట్టుకున్నాను. పక్కన నడిచేవాళ్లు నాకేదో అయిందనుకున్నారు.

ఆ అమ్మాయికి పైకి వెళ్లాలంటే భయమని ఆయన పదిమందికీ చెప్పాడు. విమానాలున్నవాళ్లు ఈ ఊళ్లో ఎంతమంది గనక? అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే.

మొన్న మళ్లీ మెట్లెక్కి వచ్చింది. లైసెన్సు గడువు దాటిపోయిందని చెప్పింది. టీ తెప్పించాను. ఆ ఓనరుని, వాడి బావమరిదిని, బీప్‌ని, ఫ్లెక్సీని, అందరినీ కలిపి కడుపారా తిట్టాను. ఆమె తాగుతూ అంతా విన్నది.

"నువ్వు చేసిందే రైటమ్మా. ఎవరిని అడిగినా అదే చెబుతారు" అన్నాను.

"చెప్తుండ్రు సార్" అంది గ్లాసు కింద పెట్టి. "అందరు గదే చెప్తుండ్రు. పనికి రమ్మనెటోడే ఒక్కడు లేడు."